పొలిమేర దాటిన కోడి

ఏలియా శిక్ష కోసం తొందరపడుతున్నాడని మొదటి ఐదు నిమిషాల్లోనే నాకు అర్థమైంది. తప్పు చేయనివాళ్ళు అరుస్తారు, ఏడుస్తారు, పిల్లల మీద ఒట్టు పెడతారు. ఇతను లాకప్ ఊచల వెనుక గొంతుక్కూర్చుని నన్ను చూడగానే అడిగిన మాట ఒక్కటే.

"సంతకం ఏడ వెట్టాలె సార్?"

"నేను పోలీసును కాను, ప్రైవేటుగా కేసులు చూస్తాను. నా పేరు ఉమామహేశ్వర్. నీ భార్య రాహేలు నిన్న నా గదికి వచ్చి కూర్చుంది. నీ తరఫున వచ్చాను."

"దానికేమెరిక సార్. అది పిచ్చిది."

సోమవారం, ఉదయం పదకొండున్నర. ఎస్సై దామోదర్ నాకు ఇరవై నిమిషాలు ఇచ్చాడు. ఇచ్చి, ఆరడుగుల దూరంలో తన బల్ల దగ్గరే కూర్చుని ఆమ్లెట్ తింటున్నాడు. నూనె మెరుస్తున్న వేళ్ళతో కాగితాలు తిప్పుతున్నాడు. నాలుగు రోజులుగా వందల కోళ్ళు కుళ్ళుతున్న కేసులో ఒక మనిషి గుడ్డు ఎలా తినగలడో నాకు అర్థం కాలేదు. చూడకూడదనుకుంటూనే అతని మీసం వైపు చూశాను. పచ్చసొన.

కేసు ఇది. నాచారం చెరువు వెనుక భూషణం అనే రిటైర్డ్ రైల్వే ఉద్యోగికి కోళ్ళఫారం ఉంది. ఆరువందల తెల్ల సీమజాతి కోళ్ళు. పోయిన బుధవారం ఉదయం ఏడు గంటలకు, పశువుల దవాఖానాలో టీకాలు వేసే ఈ ఏలియా వెళ్ళి వాటికి కొక్కెర తెగులు రాకుండా సూదులు వేశాడు. గురువారం పదకొండు కోళ్ళు చచ్చాయి. శుక్రవారం రెండువందలు. శనివారం తెల్లవారి ఐదున్నరకు భూషణం దాణా గదిలో శవమై కనిపించాడు. పక్కన ఎండ్రిన్ డబ్బా. ఏలియా సూదిలో విషం కలిపాడనీ, ఆ దిగులుతోనే తన భర్త పురుగుల మందు తాగాడనీ భార్య తారామణి ఫిర్యాదు ఇచ్చింది. ఏలియా వచ్చేదాకా షెడ్డులో ఏ తెగులూ లేదని ఆమె తమ్ముడు వాంగ్మూలం ఇచ్చాడు. జనం ఏలియాను కొట్టారు. పోలీసులు తెచ్చి లోపల వేశారు. కాగితాల మీద మాత్రం అరెస్టు ఈ ఉదయమే. సాయంత్రం ఐదుకు మెజిస్ట్రేటు ముందు పెడతారు. అప్పటిలోగా ఇతను నేరం ఒప్పుకుంటే, నేను చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఏలియా ఎడమ కన్ను నిప్పుకణికలా ఉంది.

"కన్ను మీద కొట్టారా?"

"కొట్టింది ఈపుల సార్. ఇది మా పని రోగం. తెగులు కోడిని వట్టిన చేయి కంటికి తాకిందో, రెండు దినాలల్ల ఎర్రవడుతది. ఒక్క కన్నే. అదే తగ్గుతది. మా సూదులేసేటోళ్ళందరికి ఎరికే."

"సూదిలో ఏం వేశావు?"

"టీకా మందే. ఫ్లాస్కుల ఐసు వెట్టుక తెచ్చిన. ఐసు కరగలే. గంటన్నరల పని ఒడగొట్టిన."

"అయితే ఏ నేరానికి సంతకం పెడతానంటున్నావు?"

అతను బొటనవేలితో నేల మీద ఏదో చెరుపుతున్నాడు. నేల మీద ఏమీ లేదు.

నేను ఆరేళ్ళు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పాను. అక్కడ నేర్చుకున్నదాంట్లో నాకింకా పనికొచ్చేది ఒక్కటే. పెద్ద నేరం గురించి అడిగితే మనిషి తట్టుకుంటాడు, అది తనది కాదు గనక. తనదైన చిన్న తప్పు దగ్గరికి వెళ్తే వణుకుతాడు. అందుకని ప్రశ్న మార్చాను.

"ఎన్నేళ్ళ సర్వీసు నీది?"

"పదకొండేండ్లు."

"రోగం జొరబడిన మందకు టీకా వేయొచ్చా?"

బొటనవేలు ఆగింది.

"ఎయ్యొద్దు సార్."

"ఎందుకు?"

"లోపట తెగులున్న కోడికి సూది వడితే అది ఇంకింత ఎగేస్తది. ఒకదాని నెత్తురు సూదితోని ఇంకోదానికి వోతది. ఒక్క కోడి రోగంతోని తల వాల్చి గూకుతున్నా సరే, సూది మూటగట్టుకొని వాపసు రావాలె. గదే రూలు."

"బుధవారం ఆ షెడ్డులో గూకుతున్న కోడి ఉంది. నువ్వు చూశావు."

చీకట్లో రాయి వేశాను. తగిలింది. అతను రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. దామోదర్ నమలడం ఆపి ఇటు చూసి, మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు.

"మూలకున్నది సార్," అన్నాడు ఏలియా, గొంతు బాగా తగ్గించి. "నాటుకోడి. ఎర్రది. మెడ ఎనుకకు తిరిగి ఆకాశం దిక్కు సూస్తుండె. కింద ఆకుపచ్చగ పారుకుంటుండె. రెక్కలకు పసుపు, కాలుకు ఎర్రగుడ్డ. సాగనంపిన కోడి."

"అంటే?"

"ఊర్ల కోళ్ళకు తెగులొస్తే, ఒక కోడికి పసుపు వూసి, గుడ్డ గట్టి, పొలిమేర అవుతల ఇడిసొస్తరు. తెగులు దానెంబడి వోతదని. దాన్ని ఎవ్వరు ముట్టరు. ఆకలికి సచ్చేటోడు గూడ కోసుకోడు. ముట్టినోని ఇంటికి తెగులొస్తది."

"నువ్వు క్రైస్తవుడివి కదా ఏలియా."

అతను చేతులు తీసి నన్ను చూశాడు. ఆ చూపులో నాకు కనిపించింది భయం కాదు, తన మీద తనకే పుట్టిన రోత.

"ఆదివారం గుడిల పాట ఎత్తేటోన్ని సార్. తెగులు దేనితోని వస్తదో పది మందికి చెప్పేటోన్ని. దాన్ని తీసి బయట వారేసి, పని బందు వెట్టాలె. గాని నా చెయ్యి లేవలే. మా అవ్వ చెప్పిన మాట యాదికొచ్చింది. సూడనట్టు మెదిలిన. ఆ మూల ఇడిసిపెట్టి కడమ కోళ్ళకు సూదులేసిన. గంత పాపం జేసినంక ఇంక ఏ సంతకమైతేంది?"

"అక్కడ ఇంకెవరున్నారు?"

"మురళీధర్ సార్. భూషణం పెద్దసారు బామ్మర్ది. తలుపు కాడ నిలవడ్డడు. పెద్దసారు ఊర్ల లేడు, అంతకుముందు శనారం పగటీలి వోయి బుధారం మాపటికి వచ్చిండు." ఊచల్లోంచి నా చేయి పట్టుకున్నాడు. "సార్, ఈ కోడి ముచ్చట ఎవ్వరికి చెప్పకుండ్రి. నౌకరి వోతది. గుడిల మొఖం ఎట్ల సూపాలె?"

చెప్పనని మాటిచ్చాను.

బల్ల దగ్గరికి వచ్చేసరికి దామోదర్ చేతులు కడుక్కుంటున్నాడు. నా కంటే పదేళ్ళు చిన్నవాడు. ఏడాది క్రితం ఒక దొంగతనం కేసులో అతను పట్టుకున్నవాడు దొంగ కాదని నేను నిరూపించాను. అప్పటి నుంచి నన్ను పేరు పెట్టి పిలవడు.

"ఏం ప్రొఫెసర్ సాబ్, మనసు తీసి సూసిన్రా? ఎట్లున్నది లోపట?"

"విషం కాదు దామోదర్ గారూ. బుధవారం అందరికీ ఒకే విషం ఎక్కిస్తే అన్నీ ఆ పూటే చావాలి. గురువారం పదకొండు, శుక్రవారం రెండువందలు ఎలా అవుతాయి? విషం పిల్లలు పెడుతుందా?"

"చిన్న చిన్నగ ఎక్కేటి విషం ఉంటది."

"దాని పేరు?"

"పేరు డాక్టరు రాస్తడు. నాకాడ ఒక చావు, ఒక ఫిర్యాదు, ఊచల ఎనుక ఒక ముల్జిం ఉన్నరు. మూడు సరిపోయినయి. మీ కాడ ఏమున్నది?"

"ఐదు వరకు టైముంది."

"ఉండనీయుండ్రి. ఐదుకు నా జీపు కదులుతది."

*

రెండు గంటలకు ఫారం గేటు దగ్గర స్కూటరు ఆపగానే వాసన ముక్కులోకి కాదు, నోట్లోకి వచ్చింది. నాలుక మీద తియ్యగా కూర్చుంది. ఉమ్మేశాను. మళ్ళీ వచ్చింది.

తారామణి లోపలి గదిలో పడుకుని ఉంది. పని మనిషి శాంతాబాయి నన్ను షెడ్డుకు తీసుకెళ్ళింది. మురళీధర్ ఎక్కడని అడిగితే, ఠాణాకు పోయిండని చెప్పి పెదవులు బిగించుకుంది.

షెడ్డుకు మూడు వైపులా ఇనుప జాలీ. చుట్టూ తిరిగి ఒక్కో గజం చేత్తో తడిమాను. చిరుగు లేదు, కన్నం లేదు. ఎలుక దూరాలన్నా కష్టం. ఒకటే తలుపు, దానికి తాళం. తాళంచెవులు రెండు. ఒకటి చచ్చిపోయినాయన మొలతాడుకు ఉండేదట. రెండోది మురళీధర్ దగ్గర.

లోపల ముప్పై నలభై కోళ్ళు ఇంకా బతికి ఉన్నాయి. ఆ బతకడం చూడలేకపోయాను. ఒకటి మెడ మెలి తిప్పుకుని తన వీపునే చూసుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది. ఇంకొకటి నోరు తెరిచి, ఈలలాంటి చప్పుడుతో గాలి లాగుతోంది. కింద పరిచిన వరిపొట్టు నిండా ఆకుపచ్చ మరకలు. నా బూటు జారింది. గోడ పట్టుకోబోయి చేయి వెనక్కి లాక్కున్నాను.

"చచ్చినవి ఎక్కడ?"

"ఎనుక గుంతల, సార్. మట్టి సరిగ గప్పలే."

"పార ఉందా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీరు తవ్వుతరా?"

తవ్వాను. రెండడుగుల లోతు వరకూ శుక్ర, శని, ఆదివారాల్లో చచ్చినవి. ఈకలు తడిసి అట్టలు కట్టాయి. పార దిగిన చోటల్లా మెత్తగా ఏదో తెగుతోంది, చెమటతో పాటు ఏదో ద్రవం నా ముంజేతి మీద జారుతోంది. పురుగులు తెల్లగా, తీరిగ్గా, తమ ఇల్లు తామే తిరిగి చూసుకుంటున్నట్టు కదులుతున్నాయి. రెండుసార్లు గోతి పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాను. శాంతాబాయి నవ్వలేదు. కొంగు ముక్కుకు చుట్టుకుని, గంపతో పక్కకు ఎత్తి పోస్తోంది.

అడుగున గురువారం నాటి పదకొండు దొరికాయి. లెక్కపెట్టాను. వాటి కింద, గట్టి మట్టికి ఆనుకుని, పన్నెండోది. ఎర్ర ఈకలు. కాలికి గుడ్డపీలిక. రెక్క కింద పసుపు ఇంకా పోలేదు.

శాంతాబాయి గంప వదిలేసి నాలుగడుగులు వెనక్కి దుమికింది.

"ముట్టకుండ్రి సార్! అది సాగనంపింది! చెరువవుతలి బస్తీల మొన్న గాదు, అంతకుముందు శనారం మాపటికి సాగనంపిన్రు. నేను సూసిన. తుమ్మచెట్ల కాడ ఇడిసిపెట్టిన్రు."

"ఇక్కడికెలా వచ్చింది?"

"ఏమో సార్. అది ఈడికెట్లొస్తది? ఎవ్వరు ముడుతరు దాన్ని?"

అదే ప్రశ్న నేనూ వేసుకుంటున్నాను, చేతిలో ఆ కోడి కాలు పట్టుకుని. అప్పుడే గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు వినిపించింది. మూడు గంటల ఐదు నిమిషాలు.

దామోదర్ ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. అతని వెనుక ముప్పై ఏళ్ళ మనిషి. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, దువ్విన జుట్టు. చావు జరిగిన ఇంట్లో అంత శుభ్రంగా ఉన్నవాడు మురళీధరే అయి ఉంటాడనుకున్నాను.

"వాహ్వా," అన్నాడు దామోదర్. "ప్రొఫెసర్ సాబ్ మనసులు తవ్వుడు బందువెట్టి గుంతలు తవ్వుతున్నడు. పర్మిషన్ ఎవలిచ్చిన్రు?"

"నమస్కారమండీ," అన్నాడు మురళీధర్. కృష్ణా జిల్లా యాస. "బావగారు పోయి మూడో రోజు. ఈ కంపు మళ్ళీ పైకి తీయడం అవసరమా? మా అక్కయ్య లోపల ఉంది."

"అవసరమే. ఎస్సై గారూ, ఒక లెక్క చూడండి. పశువుల డాక్టరుకు ఇక్కడికి వచ్చే ముందు ఫోన్ చేశాను. ఈ తెగులు ఒంట్లోకి దూరాక ఇంచుమించు ఐదు రోజులకు కోడి చస్తుంది. గురువారం మొదటి చావు. వెనక్కి లెక్కపెట్టండి. బుధ, మంగళ, సోమ, ఆది, శని. తెగులు ఈ షెడ్డులోకి వచ్చింది శనివారం. ఏలియా వచ్చింది బుధవారం. ఇదిగో, తెగులు తెచ్చింది ఇది."

ఎర్ర కోడిని ఎత్తి చూపించాను. దామోదర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. పోలీసు బూట్లలో ఉన్నా అతనూ ఈ ఊళ్ళవాడే.

"ఎవడో శుక్రారం గుంతల పారేసిండేమో."

"అన్నిటికంటే అడుగున ఉంది. గోతిలో ముందు పడ్డదే అడుగున ఉంటుంది. దీనికి సైకాలజీ అక్కర్లేదు."

"అయితే బయట సచ్చి, గుంతల వడ్డది. షెడ్డులకు వోయిందని ఎవడు సెప్పాలె? మీరు సూసిన్రా? నేను సూసిన్నా? కోర్టుల కోడి సాక్షి సెప్తదా, ప్రొఫెసర్ సాబ్?"

అతను నవ్వాడు. శాంతాబాయి ముందు, ఆ తెల్ల చొక్కా మనిషి ముందు. నేను రెండుసార్లు కక్కిన నోటితో, మోచేతుల దాకా కుళ్ళు పూసుకుని నిలబడి ఉన్నాను. ఆ క్షణంలో నాకు న్యాయం అక్కర్లేదు. ఆ నవ్వు ఆగడం కావాలి.

"ఏలియా చూశాడు," అన్నాను. "బుధవారం ఉదయం, షెడ్డు లోపల, మూల. ఎర్రగుడ్డతో సహా. భయపడి ఇన్నాళ్ళూ చెప్పలేదు."

నవ్వు ఆగింది. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. మాట తప్పానన్న సంగతి ఆ చల్లదనం తర్వాతే గుర్తుకు వచ్చింది.

మురళీధర్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. తర్వాత చాలా మెత్తగా అన్నాడు.

"పాపం. అయితే అతన్ని అన్యాయంగా కొట్టించామన్నమాట. ఎస్సై గారూ, మా అక్కయ్యతో నేను చెప్తాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం. బీదవాడి ఉసురు మాకెందుకండీ?"

"వాపస్ తీసుకుంటరా?" దామోదర్ ఆశ్చర్యపోయాడు. "రాసిస్తరా?"

"ఇప్పుడే. అక్కయ్య సంతకం తీసుకుని మీ వెంటే వస్తాను."

మూడూ ఇరవై ఐదుకు జీపు, దాని వెనుక మురళీధర్ స్కూటరు వెళ్ళిపోయాయి. వెళ్తూ దామోదర్ జీపులోంచి తల బయటపెట్టాడు. "గెలిసిన్రు సాబ్! స్నానం జేసి మిఠాయి తినుండ్రి!"

గెలిచానని నేనూ అనుకున్నాను.

*

బావి దగ్గర శాంతాబాయి నీళ్ళు తోడి పోస్తోంది. సబ్బు మూడుసార్లు రుద్దినా వాసన పోలేదు. తల ఎత్తినప్పుడు ఆమె మొహం ఎండలో దగ్గరగా కనిపించింది. కుడి కన్ను ఎర్రగా ఉబ్బి ఉంది.

"కన్నేమైంది?"

"నిన్నటి సంది సార్. శుక్రారం చచ్చినయన్ని నేనే మోసిన గదా. చెయ్యి తాకిందేమో. అయితది, పోతది. మురళీధర్ సార్‌కు గూడ గిట్లనే అయింది. గాని ఆయనది తగ్గవట్టె."

నల్ల కళ్ళద్దాలు. నేను చెంబు కింద పెట్టాను.

"ఆయనకు ఎప్పుడైంది?"

"సోమారం."

"ఈ రోజే కదా సోమవారం."

"ఈ సోమారం గాదు సార్, పోయిన సోమారం. పొద్దుగాల బాసండ్లు తోమ వోతే అద్దం ముంగట నిలవడి కంట్ల చుక్కలేసుకుంటుండె. ఒక్కటే కన్ను. 'కండ్లకలకనా సార్, మాక్కూడ అంటుతదా?' అంటే, 'పో, పని చూస్కో' అని కసిరిండు. ఇంట్ల ఎవ్వరికి అంటలే."

పోయిన సోమవారం నాటికి ఈ ఫారంలో ఒక్క కోడీ చావలేదు. ఒక్కటీ గూకలేదు. రోగం ఉన్న కోడి ఒక్కటే ఉంది, రెండు రోజుల క్రితం తుమ్మచెట్ల దగ్గర జనం వదిలిపోయింది. ఈ చుట్టుపక్కల పుట్టినవాడెవడూ దాన్ని ముట్టడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడికి ఆ భయం లేదు. వాడికి అది ఉత్త కోడి. చంకలో పెట్టుకుని తెచ్చాడు. చెమట తుడుచుకుంటూ కన్ను తుడుచుకున్నాడు.

"శాంతాబాయీ, అంతకుముందు శనివారం నుంచి బుధవారం దాకా షెడ్డు ఊడ్చింది నువ్వేనా?"

"లేదు సార్. నన్ను రావద్దన్నడు. 'ఇంట్ల పని చెయ్, షెడ్డు నేను చూస్కుంట' అన్నడు. నాకే నవ్వొచ్చింది. కోడి పియ్య వాసన వస్తే అన్నం తినని మనిషి. పెద్దసారు ఎన్నిసార్లు తిట్టిండో, 'బీఎస్సీ చదివినవు, చీపురు వడితే చెయ్యి అరుగుతదా' అని."

"బావకూ బామ్మర్దికీ పడేది కాదా?"

"ఈ ఆరెకరాలు ఫ్యాక్టరోళ్ళకు అమ్ముదామని ఈయన. పానం వోయినా అమ్మనని పెద్దసారు. ఉగాది సంది రోజు లొల్లే. పానమే వోయింది పాపం."

దాణా గది తలుపు తెరిచే ఉంది. భూషణం శవం దొరికిన చోట నేల కడిగారు. గోడవారన నాలుగు బస్తాలు ఒకదాని మీద ఒకటి. మూతి విప్పని బస్తాలు. వేలితో పొడిచాను. తెల్లగా రాలింది.

"సున్నమా?"

"శుక్రారం మాపటికి పెద్దసారే రిక్షాల ఏయించుకొచ్చిండు. నేను ఏడుస్తుంటే, 'ఏడిస్తే కోళ్ళు లేస్తయా శాంతాబాయి? తెగులన్నంక వస్తది. పొద్దుగాల్నే చీపురు వట్టుకొని రా, షెడ్డంత కడిగి సున్నం గొడదాం, దసరా వరకు మల్ల కొత్త పిల్లలు తెద్దాం' అన్నడు. పొద్దుగాల్నే వచ్చిన." ఆమె కడిగిన నేల వైపు చూసింది. "వచ్చేవరకు గిట్ల వడి ఉన్నడు."

నేను ఆ బస్తాల మీదే కూర్చుండిపోయాను.

ఇంతసేపూ నేను అడుగుతున్నది తప్పుడు ప్రశ్న. కోళ్ళను ఎవరు చంపారు, ఎందుకు చంపారు. కోళ్ళు ఎవరికీ పట్టలేదు. సాయంత్రం సున్నం తెప్పించుకుని పొద్దున్నే షెడ్డు కడుగుదామన్న మనిషి ఆ రాత్రి ఎండ్రిన్ తాగడు. తాగించాలి. కానీ ఊరికే ఎండ్రిన్ తాగి చచ్చాడంటే ఎవరైనా ఎందుకు అని అడుగుతారు. ఎవరూ అడగకుండా ఉండాలంటే కారణం ముందే కళ్ళ ముందు కుప్పగా పడి ఉండాలి, కుళ్ళి కంపు కొడుతూ. ఆరువందల కోళ్ళు చచ్చినవాడు తాను చావడంలో వింతేముంది?

చావు కంటే వారం ముందే దానికి కారణాన్ని చంకలో పెట్టుకుని తెచ్చాడు మురళీధర్.

పోలీసుల ముందు అతను చెప్పింది ఒకటే: ఏలియా వచ్చేదాకా షెడ్డులో ఏ తెగులూ లేదు, రోజూ నేనే చూశాను. ఆ మాట అబద్ధమని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడి పేరు గంట క్రితం, ఈ గోతి పక్కన నిలబడి, నేనే అతనికి చెప్పాను. ఒక నవ్వు ఆపడానికి.

ఒళ్ళంతా పూసుకున్న కుళ్ళు కంటే అసహ్యమైనది అప్పుడు నాకు లోపల తగిలింది. నాలుగూ ఐదు. స్కూటరు రెండుసార్లు తన్నినా స్టార్టు కాలేదు.

*

నాలుగున్నరకు ఠాణా మెట్లెక్కాను. లాకప్ తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు.

"ఏలియా ఏడి?"

దామోదర్ చాయ్ సాసరులో పోసుకుంటున్నాడు. "ఇడిసిపెట్టిన. మీరే గద అడిగింది? ఫిర్యాదు వాపస్ వచ్చింది. ఇంకేంది?"

"ఎవరితో వెళ్ళాడు?"

"మురళీధరే స్కూటర్ మీద ఎక్కిచ్చుకున్నడు. కొట్టిచ్చినందుకు మనసు కలుక్కుమన్నదట. అన్నోజిగూడల ఇంటికాడ దింపుతనన్నడు. మస్తు మంచోడు. మీరే ఎక్కువ అనుమానం మనిషి సాబ్, జర నీళ్ళు తాగుండ్రి, కంపు కొడుతున్నరు."

బల్ల మీద పేపర్‌వెయిట్ కింద ఒక కాగితం ఉంది. సంతకం ఏలియాది. సిరా ఇంకా కొత్తగా ఉంది.

"ఇదేమిటి?"

"ఖాళీ చేతులతోని ఇడుస్తనా? రేపు పైనోళ్ళు అడిగితే సూపెట్టనీకి ఒక కాగితం రాయిచ్చుకున్న. ఆయన సంతోషంగనే పెట్టిండు. మీరు కోడి ముచ్చట నాకు చెప్పిన్రని తెలిసినంక తల వంచుకున్నడు. కలం అడిగి తీసుకున్నడు."

చదివాను. *నా తప్పు వల్ల ఆరువందల కోళ్ళు చచ్చినవి. ఆ బాధతో భూషణం గారు ప్రాణం తీసుకున్నారు. ఈ పాపం అంతా నాదే. దీనికి ఎవరి బలవంతం లేదు.*

"నకలు ఉందా దీనికి?"

"కార్బన్ వెట్టిన. ఇంకో కాగితం మురళీధర్ తీస్కపోయిండు. అక్కకు సూపెడతనన్నడు." సాసరు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. నా మొహంలో ఏం చూశాడో. "ఏంది?"

"ఆ రెండో కాగితం మీద కూడా సంతకం ఉందా?"

"ఉన్నది. రెండింటి మీద పెట్టిచ్చిన."

"దామోదర్ గారూ, రేపు పొద్దున ఏ చెరువులోనో ఏలియా శవం తేలి, ఈ కాగితం అతని జేబులో దొరికితే, మీరు కేసు ఏమని రాస్తారు?"

అతను నన్ను చూశాడు. కాగితాన్ని చూశాడు. తన చేతిరాతనే మొదటిసారి చదువుతున్నట్టు, పెదవులు కదుపుతూ, చివరిదాకా చదివాడు. సాసరులోని చాయ్ వంగి కాగితం పక్కన మడుగు కట్టింది. అతను దాన్ని తుడవలేదు.

"ఖుద్‌కుషీ," అన్నాడు చివరికి, ఆత్మహత్య అన్న మాటను తనలో తను అనుకున్నట్టు. తర్వాత కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, జీపు డ్రైవరును కేకేశాడు.

అన్నోజిగూడ దారిలో, ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సు ఆగే చోట రాహేలు ఒక్కతే నిలబడి ఉంది. టిఫిన్ క్యారియరు గుండెకు పెట్టుకుంది. జీపు ఆగకముందే నేను దూకాను. నన్ను చూసి ఆమె కాళ్ళకు వంగబోయింది.

"దేవుడు మీ రూపంల వచ్చిండు సార్. ఇడిసిపెట్టిన్రు మా ఆయన్ను!"

"అతనితో నువ్వెందుకు వెళ్ళలేదు రాహేలూ?"

"స్కూటర్ మీద ముగ్గురం వట్టం గదా సార్. నన్ను బస్సుకు పొమ్మన్నడు ఆ సారు. పైసలు గూడ ఇచ్చిండు." ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. మూడు రోజుల తర్వాత నవ్విన నవ్వు, మొహానికి ఇంకా సరిగ్గా అతకలేదు. "మా ఆయన ఏం మాట్లాడుతలేడు. తల వంచుకొనే ఉన్నడు. 'మీవోడు బాగ దిగులు వడ్డడమ్మా, ఒక్కన్ని ఇడువొద్దు, నేను దగ్గరుండి చూస్కుంట' అన్నడు సార్ ఆయన. గంత మంచి మనిషిని నేను యాడ సూడలే."

"ఎటు వెళ్ళారు?"

ఆమె చేయెత్తింది. అన్నోజిగూడ వైపు కాదు. నాచారం చెరువు వైపు.